పచ్చ మూతల టైర్లు: నైట్రోజన్‌తో నా ఏడాదిన్నర

మాది నరసరావుపేట. గుంటూరులో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. కాలేజీ ఉన్న రోజుల్లో పోనూ రానూ తొంభై కిలోమీటర్లు కారు నేనే నడుపుతాను. 2021 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 2024 మార్చిలో నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించాను. బిల్లులో టైర్లు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ తర్వాత చివరి లైనులో "నైట్రోజన్ 200" అని ఉంది. టైరుకి యాభై. వాల్వులకి నల్ల మూతలు తీసేసి పచ్చ మూతలు పెట్టారు. అక్కడ పనిచేసే అబ్బాయి, "మేడం, ఇది మామూలు గాలిలా దిగదు. ఆరు నెలల దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

నేను నమ్మాను. రబ్బరులోంచి ఆక్సిజన్ కంటే నైట్రోజన్ నెమ్మదిగా జారుతుందన్నది నిజమేనని నాకు తెలుసు. అందుకే ఆ మాట మీద అనుమానం రాలేదు. అప్పటిదాకా నెలకోసారి బంకులో గాలి చూపించుకునే అలవాటు ఉండేది. ఆ రోజుతో మానేశాను.

ఆగస్టులో ఒక సాయంత్రం గుంటూరు నుంచి తిరిగొస్తుంటే, ఫిరంగిపురం దాటాక స్టీరింగ్ ఎడమవైపుకి లాగడం మొదలుపెట్టింది. టైర్లలో గాలి తగ్గితే చెప్పే లైటు మా కారులో లేదు. రోడ్డు పక్కనున్న పంక్చర్ షాపు దగ్గర ఆపాను. ఎడమ ముందు టైరులో 19 పాయింట్లు (పీఎస్‌ఐ, అంటే గాలి పీడనం కొలత) ఉంది. మిగతా మూడింట్లో 27, 27, 28. ఉండాల్సింది 33. సబ్బు నీళ్లు పోసి చూస్తే చిన్న స్క్రూ ఒకటి దిగి ఉంది, దాని చుట్టూ సన్నగా బుడగలు. ఎన్ని వారాల నుంచి ఉందో. షాపాయన టైరు తిప్పి చూపించాడు. "అమ్మా, మధ్యలో గ్రిప్ బాగానే ఉంది, రెండు భుజాలూ అరిగిపోయాయి చూడండి. గాలి తక్కువతో చాలా తిరిగింది ఇది." ఏడెనిమిది వేల కిలోమీటర్లు కూడా నడవని టైరు. టైరు పక్కగోడ (సైడ్‌వాల్) లోపల ఏమైనా దెబ్బతిందేమోనన్న భయంతో దాన్ని మళ్లీ ముందు చక్రానికి వాడలేదు. అదే కంపెనీది కొత్తది ఇంకొకటి కొన్నాను.

ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ సాయంత్రమే. నైట్రోజన్ మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే మంచిదనే చెబుతాను. కానీ దాన్ని మనకి అమ్మేటప్పుడు పక్కన చేర్చే "చూసుకోనక్కర్లేదు" అన్న మాట ప్రమాదకరమైనది. వాయువు గురించి, సర్వీసు గురించి వేర్వేరుగా చెబుతాను.

మా నాన్న ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. జరిగింది చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న స్క్రూ గురించి కాదు.

"మార్చిలో గాలి పట్టించినప్పుడు టైము ఎంతమ్మా?"

"మధ్యాహ్నం ఒంటిగంట అయి ఉంటుంది నాన్నా."

"బిగించాక కారు నడిపి చూశారా?"

"అలైన్‌మెంట్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి కాసేపు బైపాస్ మీద తిప్పారు. వచ్చాక గాలి సరిచూశారు."

"అయితే మొదటి రోజే నీకు ముప్పై పట్టారు."

ఆయన చెప్పింది లెక్క వేసి చూస్తే నిజమేననిపించింది. కారు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లని టైరుకి. కనీసం మూడు నాలుగు గంటలు కదలకుండా, నీడలో ఉన్న టైరుకి. మన కార్ల టైర్లలో ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పీడనం దాదాపు ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. మార్చి ఎండలో తిరిగొచ్చిన టైరు, తెల్లవారుజామున ఉన్నప్పటికంటే ఇరవై డిగ్రీలు వేడిగా ఉండటం మామూలే. ఆ వేడిలో 33 చూపించి ఆపేస్తే, మర్నాడు ఉదయం అది 30. అక్కడి నుంచి ఐదు నెలల్లో అది ఇంకా దిగింది. ఆగస్టులో చూసిన 27, 28 కూడా నడిచి వేడెక్కిన టైర్లవి, చల్లబడితే ఇంకా తక్కువే. స్క్రూ లేని మూడు టైర్లలోనూ గాలి అలా తక్కువైంది. డిపోలో బస్సులన్నీ వచ్చి చల్లబడ్డాక, తెల్లవారుజామున బండి కదిలే లోపు గాలి చూసేవాళ్లమని నాన్న చెప్పారు. వెనక జంట టైర్లలో లోపలి టైరు కంటికి కనపడదు కాబట్టి ఇనుప కడ్డీతో ఒక్కోదాన్నీ కొట్టి శబ్దం వినేవారట. గాలి నిండుగా ఉంటే కణకణమని తిరిగి కొడుతుంది, తక్కువైతే బస్తాని కొట్టినట్టు ఉంటుంది. చిన్నప్పుడు అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ శబ్దం నేనూ విన్నాను.

ఇక నేను డబ్బులు కట్టిన నైట్రోజన్ సంగతి. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. 21 శాతం ఆక్సిజన్, మిగిలిన కొంచెంలో ఎక్కువ భాగం ఆర్గాన్. షాపుల్లో ఉండే మెషీన్ బయటి గాలినే లాక్కుని, ఆక్సిజన్‌ని, తేమని వేరుచేసి సుమారు 95 శాతం నైట్రోజన్‌ని ఇస్తుంది. బాగుంది. కానీ టైరులోకి వెళ్లేదాంట్లో ఎంత శాతం ఉంటుందనేది నింపే పద్ధతిని బట్టి ఉంటుంది. ఈ లెక్క మా పిల్లలతో క్లాసులో కూడా వేయించాను, ఎందుకంటే ఇది వాళ్ల సిలబస్‌లో పాక్షిక పీడనాల పాఠమే.

వాల్వు తీసి గాలి మొత్తం దించేశాం అనుకుందాం. టైరు ఖాళీ అయినట్టు కనిపిస్తుంది కానీ బయట వాతావరణం ఎంత పీడనంతో ఉందో అంత గాలి లోపల మిగిలే ఉంటుంది. దాని మీద 95 శాతం నైట్రోజన్‌ని 33 పాయింట్ల దాకా నింపితే లోపల సుమారు 90 శాతం అవుతుంది. మళ్లీ మొత్తం దించి మళ్లీ నింపితే 93 దాటుతుంది. మూడోసారి చేస్తే 94 దాటుతుంది. అసలు దించకుండా, 28 పాయింట్ల మామూలు గాలి ఉన్న టైరులో పైన ఐదు పాయింట్లు నైట్రోజన్ కొడితే? 80 శాతం. అంటే 78 నుంచి 80కి. నా టైర్లకి మార్చిలో జరిగింది ఇదే. కొత్త టైరుని రిమ్ము మీద కూర్చోబెట్టడానికి మామూలు కంప్రెసర్‌తో గాలి కొట్టారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ గాలి దించలేదు. నైట్రోజన్ పైపు పెట్టి కాసేపు కొట్టి, 33 అని కూత పెట్టగానే తీసేశారు. నాలుగు టైర్లకీ కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ 200 రూపాయలకి నాకు దక్కింది నాలుగు పచ్చ మూతలు.

కోపం వచ్చింది, ఇప్పుడూ ఉంది. అడిగితే ఆ షాపువాళ్లు "అందరికీ ఇలాగే చేస్తామండీ" అన్నారు.

అయితే ఒక షాపు చేసిన పనికి ఆ వాయువుని తప్పుపట్టడం న్యాయం కాదనిపించింది. అందుకే సరిగ్గా నింపించి చూద్దామనుకున్నాను. గుంటూరులోనే ఇంకో చోట, కారుని లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు గాలిలో ఉండగా మూడుసార్లు దించి నింపమని అడిగాను. ఆ షాపు యజమాని విసుక్కోలేదు. టైరు మీద బండి బరువు ఉండగా గాలి మొత్తం దించకూడదని, పక్కగోడ మడతపడుతుందని ఆయనే చెప్పారు. ఎడమవైపు రెండు టైర్లకే చేయించాను. దాదాపు అరగంట పట్టింది. 150 తీసుకున్నారు. ఈ సర్వీసుకి నేను పూర్తి మార్కులు వేస్తాను, పనిని పనిలా చేశారు. కుడివైపు రెండింటికీ పెట్రోలు బంకులో మామూలు గాలి. అది ఉచితం. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నియమం కూడా, చాలామంది అడగడానికే మొహమాటపడతారు.

2024 సెప్టెంబరు మొదటి ఆదివారం ఉదయం ఆరింటికి, షెడ్డులో రాత్రంతా ఉన్న కారుకి నాలుగింట్లోనూ సరిగ్గా 33 పెట్టాను. అప్పటి నుంచి నెలకోసారి అదే సమయానికి ఒకే గేజ్‌తో నేను కొలవడం, నాన్న డైరీలో రాసుకోవడం. మధ్యలో ఎక్కడా గాలి పట్టించలేదు.

2025 జనవరి మొదటి ఆదివారానికి నైట్రోజన్ టైర్లు రెండూ 31. మామూలు గాలి టైర్లు 30.5, 30.

ఇందులో నాకు ఎక్కువ నచ్చిన సంగతి తేడా కాదు, తేడా లేకపోవడం. డిసెంబరులో చలి మొదలవగానే నాలుగు టైర్లూ ఒకేసారి దిగాయి. ఉదయం ఉష్ణోగ్రత సెప్టెంబరు కంటే ఏడెనిమిది డిగ్రీలు తగ్గింది, ఒక పాయింటు పైచిలుకు అన్నింట్లోనూ పోయింది. నైట్రోజన్ వేడికి ఉబ్బదు, చలికి తగ్గదు అని చెప్పే మాట నిజం కాదు. పొడి గాలి అయినా నైట్రోజన్ అయినా ఉష్ణోగ్రతకి ఒకేలా స్పందిస్తాయి. ఆ ఒక పాయింటు తీసేస్తే, నాలుగు నెలల్లో రెండు వైపుల మధ్య మిగిలిన తేడా అర పాయింటు నుంచి ఒక పాయింటు.

నావి నాలుగే టైర్లు, నా గేజ్ అర పాయింటు కంటే సూక్ష్మంగా చూపించదు. కానీ పెద్ద ఎత్తున చేసినవాళ్లకీ ఇలాంటి ఫలితమే వచ్చింది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికవాళ్లు 2006లో మొదలుపెట్టి 31 రకాల టైర్లని జతలుగా తీసుకుని, ఒకదాంట్లో గాలి, ఒకదాంట్లో నైట్రోజన్ 30 పాయింట్లకి నింపి ఏడాది పాటు ఆరుబయట ఉంచారు. ఏడాది చివర సగటున గాలి టైర్లలో 3.5, నైట్రోజన్ టైర్లలో 2.2 పాయింట్లు తగ్గింది. ఏడాదికి 1.3 పాయింట్ల లాభం. లాభం నిజమే. కానీ నైట్రోజన్ టైరు కూడా రెండు పాయింట్లకి పైగా దిగింది. రిమ్ము అంచులోంచి, పాత వాల్వులోంచి, స్క్రూ చేసిన కన్నంలోంచి పోయే దానికి వాయువు పేరుతో పనిలేదు.

మే నెలలో ఇంకో పరీక్ష చేశాను. నాలుగింట్లోనూ మళ్లీ 33 పెట్టుకుని (ఎడమ వాటికి నైట్రోజనే) గుంటూరు వెళ్లి, ఆగిన వెంటనే కొలిచాను. ఎడమవైపు 37, కుడివైపు 37.5. అదే కారుని మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచితే ఎండ పడుతున్న వైపు టైర్లు రెండోవైపు వాటికంటే రెండు పాయింట్లు ఎక్కువ చూపించాయి, ఆ వైపు నైట్రోజన్ ఉన్నా సరే. మా పల్నాడు ఎండ సంగతి తెలుసు కదా, రెంటచింతల మా జిల్లాలోదే. ఆ ఎండ ముందు వాయువు మార్పు లెక్కలోకి రాదు. ఇలా వేడెక్కి 37 చూపిస్తోందని గాలి తీసేసేవాళ్లని చూశాను. దయచేసి అలా చేయకండి. నడిచిన టైరు నాలుగైదు పాయింట్లు పెరుగుతుందని లెక్కపెట్టుకునే ఆ 33 ఇచ్చారు. తీసేస్తే మర్నాడు ఉదయానికి 29తో మిగులుతారు.

మైలేజీలో నాకు తేడా ఏమీ రాలేదు. రావడానికి కారణం కూడా లేదు, ఒకే పీడనం ఉన్నప్పుడు టైరు దొర్లే తీరు లోపలున్న వాయువుని బట్టి మారదు.

తేమ గురించి మాత్రం నైట్రోజన్‌కి న్యాయంగా ఒక మార్కు ఇవ్వాలి. వానాకాలంలో కొన్ని చోట్ల కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, రోజూ కింద కుళాయి తిప్పి వదిలేయకపోతే అవి గాలితోపాటు టైరులోకి వెళతాయి. లోపల నీటి చుక్కలు ఉంటే కథ మారుతుంది. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం అర పాయింటు పైన ఉంటుంది, 60 డిగ్రీలకి దాదాపు మూడు పాయింట్లు. అంటే తడి గాలి ఉన్న టైరు వేడికి మిగతావాటి కంటే ఎక్కువ పెరుగుతుంది, రిమ్ము లోపల తుప్పు కూడా పడుతుంది. మెషీన్‌లోంచి వచ్చే నైట్రోజన్ పొడిగా ఉంటుంది, ఆ బాధ లేదు. బంకులో పట్టించేటప్పుడు నాన్న నాజిల్‌ని ఒక్క క్షణం అరచేతి మీద వదలమంటారు. చెయ్యి తడిస్తే ఆ రోజు అక్కడ పట్టించరు.

ఇప్పుడు అందరూ చెప్పే పెద్ద మాట: నైట్రోజన్ ఉంటే టైరు పేలదని. యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రమాదాల గురించి 2019 జూలైలో రాజ్యసభలో ప్రస్తావన వచ్చినప్పుడు కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ టైర్లలో నైట్రోజన్ తప్పనిసరి చేసే ఆలోచన ఉందన్నారు. అప్పటి నుంచి ఈ మాట బాగా పాకింది. విమానాల్లో నైట్రోజనే వాడతారు కదా అని కూడా అంటారు. అవును, వాడతారు, దాని వెనక పెద్ద విషాదం ఉంది. 1986 మార్చి 31న మెక్సికానా 940 విమానంలో బ్రేకు విపరీతంగా వేడెక్కి, నైట్రోజన్‌కి బదులు గాలి నింపిన టైరు పేలింది, ఇంధన పైపులు తెగి మంటలు లేచాయి, విమానంలో ఉన్న 167 మందీ చనిపోయారు. పెద్ద విమానాల బ్రేకు చక్రాల్లో ఆక్సిజన్ 5 శాతం మించకూడదని అమెరికా నిబంధన. అక్కడ బ్రేకుల వేడికి రబ్బరులోంచి వచ్చే ఆవిర్లు ఆక్సిజన్‌తో అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి నైట్రోజన్ ప్రాణాలు కాపాడుతుంది.

మన కారు టైరు హైవే మీద పేలేది అలా అంటుకుని కాదు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ పక్కగోడ దగ్గర వంగి లేస్తుంది. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో, నలుగురు మనుషులు, డిక్కీలో సామానుతో గంటసేపు అలా వంగితే ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. ఫిరంగిపురం రోడ్డు మీద నేను యాభై, అరవైతో వస్తున్నాను. అదే 19 పాయింట్లతో విజయవాడ హైవే ఎక్కి ఉంటే, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని... ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. "చూసుకోనక్కర్లేదు" అన్న మాట మీద నా పట్టుదల అంతా అందుకే. టైరు వయసు కూడా అంతే ముఖ్యం. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో ఇరవైమూడో వారంలో తయారైంది అని. మార్చిలో టైర్లు కొన్నప్పుడు నేను అది కూడా చూడలేదు. ఆగస్టులో కొన్నదానికి చూసి తీసుకున్నాను.

నైట్రోజన్ ఎవరికి పనికొస్తుందంటే, నెలల తరబడి షెడ్డులోనే ఉండే కార్లకి. మా వీధిలో ఒక పెద్దాయన కారు ఉంది, కొడుకు అమెరికా నుంచి వచ్చినప్పుడే బయటికి తీస్తారు. అలాంటి కారుకి సరిగ్గా మూడుసార్లు దించి నింపిస్తే ఆ ఏడాదికి ఒక పాయింటు మిగులుతుంది, లోపల తేమ ఉండదు. టైర్లు కొన్నప్పుడు ఉచితంగా ఇస్తామంటే వద్దనాల్సిన అవసరం లేదు. తర్వాత మామూలు గాలి కలిపినా ఏ నష్టమూ లేదు, రెండూ కలవకూడదన్నది అపోహ. నైట్రోజన్ దొరికే షాపు కోసం తక్కువ గాలితో ఇరవై కిలోమీటర్లు వెళ్లేకంటే పక్క బంకులో పట్టించుకోవడం వెయ్యిరెట్లు మేలు. నాలా రోజూ నడిపేవాళ్లకి ఆ డబ్బుతో గేజ్ కొనుక్కోమంటాను. నా డిజిటల్ గేజ్ 450 రూపాయలు. తర్వాత కారు సాకెట్‌కి పెట్టుకునే చిన్న గాలి పంపు రెండు వేల లోపే దొరికింది. ఉదయం ఇంట్లోనే, చల్లని టైరుకి, నేనే పట్టుకుంటున్నాను. షాపుల్లో గేజ్‌లు ఒకదానికొకటి రెండు మూడు పాయింట్ల తేడా చూపిస్తున్నాయని కూడా అప్పుడే తెలిసింది.

ఇంకొకటి, స్టెప్నీ. ఆ రెండు షాపుల్లోనూ దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నాన్న డిక్కీ తెరిపించి కొలిస్తే 14 ఉంది. ఆగస్టులో ఆ పంక్చర్ షాపు కనపడకపోయి ఉంటే నేను బిగించుకోవాల్సింది ఆ టైరే.

పచ్చ మూతలు ఎడమవైపు వాటికి ఇంకా ఉన్నాయి. మొన్న ఆదివారం ఉదయం కొలతలు ఇవి: ఎడమ ముందు 32.5, ఎడమ వెనక 32.5, కుడి ముందు 32, కుడి వెనక 32, స్టెప్నీ 35. నాలుగింటికీ ఇంట్లో పంపుతోనే, మామూలు గాలితో, 33 చేశాను.